గుండ్ల చెలక, మా అత్తమ్మ సంతకం

మా మేనత్త పోయిన పదకొండో రోజున కర్మ అయిపోయి, బంతులు కూర్చున్నాక షామియానా కింద నడిచిన మాటంతా భూమి రేటే. రోడ్డు బిట్టు ఎంత పలుకుతోంది, లోపలి బిట్టు ఎంత, రీజినల్ రింగు రోడ్డు ఆమనగల్లుకు ఏ పక్కనుంచి పోతుంది. పెద్దవాళ్లు అదే, కుర్రవాళ్లు అదే, వడ్డించేవాళ్లు కూడా అదే. నాకు కోపం రాలేదు. మా దిక్కు చాలా ఏళ్లుగా పెళ్లిలోనైనా చావులోనైనా మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. ఆ సందడిలో అత్తమ్మ అత్తగారి ఊరి ముసలాయన ఒకరు నా వైపు తిరిగి, "మీ అత్తకు తల్లిగారి భూముల హద్దులన్ని నోటికుండె బిడ్డా, నిద్రల లేపి అడిగినా చెప్పేది" అన్నాడు.

నిజమే, చెప్పేది. ఆ భూముల పహాణీలో, అంటే సర్కారు భూమి రికార్డులో గాని, పాస్‌బుక్కులో గాని ఏ రోజూ ఆమె పేరు లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ముసలాయన మాట నన్ను వదల్లేదు. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

*

మా ఊరు శ్రీశైలం రోడ్డు మీద, ఆమనగల్లుకూ కల్వకుర్తికీ నడుమ, బస్సు దిగి లోపలికి నడిచి పోవాలి. అప్పుడంతా ఒకటే పాలమూరు జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆమనగల్లు, కడ్తాల్, తలకొండపల్లి రంగారెడ్డిలోకి, కల్వకుర్తి, వెల్దండ నాగర్‌కర్నూల్‌లోకి పోయాయి. మా చుట్టాల్లో సగం అటు, సగం ఇటు.

చెలకలకు, అంటే మెట్ట చేన్లకు, పేర్లుండేవి. గుండ్ల చెలక, మోదుగుల చెలక, ఒర్రె గడ్డ, కుంటకింది మడి. సర్వే నంబర్లు పట్వారి దస్తరంలో ఉండేవి, మాకు వాటితో పని పడేది కాదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయిందన్నారు గాని, మా ఊళ్లో చాలాకాలం జనం ఆ పాత పట్వారి గడపకే పోయి "జర పహాణీ చూడు దొరా" అని నిలబడేవాళ్లు.

గుండ్ల చెలక ఎర్ర దుబ్బ నేల. నడుమ ఇంటంత ఎత్తు గుండ్లు నాలుగైదు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఆముదం పెట్టి, సాలు విడిచి సాలు కంది వేసేవాళ్లు. మా దగ్గర చెలక ఉన్నవాడి ఇంట ఆముదం లేని ఏడాది ఉండేది కాదు. వానలు జర ఎక్కువైతే దాసరి పురుగు పట్టి రెండు మూడు రోజుల్లో ఆకంతా ఈనెలు మిగిల్చేది. పురుగు తప్పి పంట చేతికొస్తే, సంక్రాంతి ముందర గెలలు కోసి కల్లంలో ఆరబోసేవాళ్లం. మధ్యాహ్నం ఎండకు కాయలు వాటంతటవే పగిలేవి. టప్పుమని ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత వరసగా. గింజ ఎగిరి మొఖానికి తగిలేది. గింజ బేహారికి పోతే పొట్టు మా పొయ్యి కిందికి వచ్చేది. ఆ పొట్టు పొగ వాసన మా అమ్మ చీర కొంగుకు ఎండాకాలం దాకా ఉండేది.

అత్తమ్మ ఏటా ఆ కోతకు వచ్చేది. పిల్లల్ని వెంటేసుకుని, సంచిలో మాకు సజ్జ రొట్టెలు తెచ్చి, బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేది. ఆడబిడ్డ తల్లిగారింటికి వస్తే కాళ్లు చాపుకుని కూర్చోవాలంటారు. ఆమె వచ్చిన తెల్లారే కొడవలి పట్టేది. కూలీల కన్నా ముందు చెలకలో ఉండేది, అందరికన్నా వెనక ఇంటికి వచ్చేది.

పొద్దుమీకే వేళ మమ్మల్ని గెట్టు మీద నడిపించేది. తూర్పుకు గొల్లోల్ల గెట్టు, పడమరకు ఒర్రె, ఉత్తరానికి బండ్ల బాట, దక్షిణానికి మోదుగుల చెలక. ఆమె చెప్పేది, మేం వెనకనుంచి పాడేవాళ్లం. గెట్టు ఎందుకు తొక్కాలో కూడా చెప్పింది. "ఏడాదికో సాలు లోపలికి దున్నుతరు అల్లుడా. మనం తిరగకుంటే గెట్టు మెల్లగ మన దిక్కు జరుగుతది." ఎన్ని గెట్టు పంచాయితీలు చూసిందో ఏమో. పక్కవాడి నాగలి ఎంత లోపలికి వచ్చిందో పాదంతో కొలిచి మా నాయినకు చెప్పేది.

ఒర్రె గడ్డలో ఒక ఎకరం ఆమెది. పసుపు కుంకుమ కింద మా తాత ఆమె పెండ్లినాడు పెద్దమనుషుల ముందు చెప్పాడు. కాగితం రాయలేదు. అప్పట్లో ఎవరూ రాసేవాళ్లు కాదు, రాయమని అడిగితే తండ్రిని నమ్మనట్టు. దున్నేది మా నాయిన, చిన్నాయినే. ఏటా ఒక బస్తా కందులు, ఒక బస్తా జొన్నలు ఆమె ఇంటికి పంపేవాళ్లు. కరువు ఏడాది జొన్నలు సగం బస్తాయే పోయేవి. ఆమె ఒక్కనాడూ మాట అనలేదు.

*

ఇంటరయ్యాక కొన్నేళ్లు కల్వకుర్తిలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పని చేశాను. రేకుల కింద రెండు బెంచీలు, ఒక బల్ల, స్టాంపు కాగితాల పెట్టె, ఊదా రంగు ఇంకు ప్యాడ్. ఆ ఇంకు వాసన, వేలిముద్ర వేసినవాళ్లు చెయ్యి తుడుచుకునే కిరసనాయిలు గుడ్డ వాసన కలిసిపోయి ఉండేవి. సారు దస్తావేజు చెబుతూ ఉంటే నేను రాసేవాణ్ని. "నా కుటుంబ అవసరముల నిమిత్తము" అన్న ముక్క ప్రతి విక్రయ దస్తావేజులో ఉండేది. రాయాల్సింది ఆ ముక్కే అయినా, సారు ప్రతివాళ్లనూ ఎందుకు అమ్ముతున్నావని అడిగేవారు. అడగకపోతే ఆయనకు కలం కదిలేది కాదు.

జవాబులు నాలుగైదుకు మించి ఉండేవి కావు. బోర్లు ఫెయిలై అప్పు మీద పడింది. బిడ్డ పెండ్లి. దవాఖాన. బొంబాయికో పూనాకో మేస్త్రీ వెంట పోయి, తీసుకున్న అడ్వాన్సు తీరక తిరిగొచ్చినవాళ్లు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడ్డ మా మనుషులే నాగార్జునసాగర్, శ్రీశైలం ఆనకట్టలకు రాయి మోశారు. వాళ్ల సొంత చెలకల్లో బోరు రెండు వందల అడుగులకు కూడా తడి చూపేది కాదు. అమ్మేవాళ్లు తల ఎత్తేవాళ్లు కాదు. ఎకరం వేలల్లో పోయేది. కొనేది కూడా పక్క చెలక ఆయనో, అదే ఊళ్లో కొంచెం ఉన్నాయనో. అమ్మినాయన మరుసటేడు అదే చెలకలో పాలుకు, అంటే పంటలో వాటాకు, దున్నడం నేను చాలాసార్లు చూశాను.

నాకు ఇష్టమైన పని హద్దులు రాయడం. తూర్పు ఫలానావారి మోట బావి, పడమర చింతచెట్టు, ఉత్తరం పీర్ల చావడికి పోయే బాట, దక్షిణం కుంట శిఖం. మనుషుల పేర్లు, చెట్లు, నీళ్లు, దారులు. ఒక్క దస్తావేజు చదివితే ఆ ఊళ్లో నడిచినట్టుండేది. రిజిస్ట్రేషను అయ్యాక దాన్నంతా గుమస్తాలు పెద్ద బైండు పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవాళ్లు. మధ్యాహ్నం ఆఫీసులో పాళీల చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. 1998లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు మొదలయ్యాక ఆ పుస్తకాల పని పోయింది. అది మంచికే. నకలు కావాలంటే నెలలు తిరిగే బాధ చాలామందికి తప్పింది.

ఒక సంగతి మాత్రం అప్పుడే గమనించాను. అన్ని దస్తావేజులు రాసినా, అమ్మేవాళ్ల వరసలో ఆడవాళ్ల పేర్లు చాలా అరుదు. భర్త పోయినామె ఉంటే ఉండేది. ఆ ఇంటి బిడ్డలు ఎక్కడా ఉండేవాళ్లు కాదు. సారు అన్నదమ్ములెందరని అడిగేవారు, అక్కచెల్లెళ్ల సంగతి ఎత్తేవారే కాదు.

*

శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో తెరిచారు. దాని వేడి అంతకు రెండు మూడేళ్ల ముందే మా రోడ్డెక్కింది. తుక్కుగూడ, మహేశ్వరం, కందుకూరు, కడ్తాల్, మైసిగండి. ప్రతి ఏడాది రేటు ఒక ఊరు దాటి ఇటు నడిచింది. చావడి దగ్గర తెల్ల స్కార్పియోలు ఆగేవి. దిగేవాళ్లు పట్నంవాళ్లు, దింపేవాళ్లు మనవాళ్లే. నాతో చదివినవాళ్లు, సైకిల్ షాపు పెట్టుకున్నవాళ్లు, సూది మందు ఇచ్చే ఆర్‌ఎంపీ, అందరూ మధ్యవర్తులయ్యారు. బయానా ఇచ్చి మూడు నెలల గడువు రాసుకునేవాళ్లు. ఆ మూడు నెలల్లో అదే అగ్రిమెంటు ముగ్గురి చేతులు మారేది. ఆఖరి మనిషి ఇచ్చిన ధరలో రైతుకు ముట్టింది ఎంతో చూస్తే కడుపు తరుక్కుపోయేది.

రైతు ఎకరం లెక్కన అమ్మాడు, కొన్నవాడు గజం లెక్కన అమ్మాడు. గుంటకు 121 గజాలు, ఎకరానికి 4840. రోడ్లకు, పార్కుకు తీసేసినా సగానికి పైగా ప్లాట్లకు మిగులుతుంది. ఈ గుణకారం రైతుకు కూర్చోబెట్టి చెప్పినవాడు మా మండలంలో ఒక్కడూ లేడు. చెప్పగలిగినవాళ్లు కమీషన్ల మీద ఉన్నారు.

అప్పుడే ఆడబిడ్డలు అందరికీ గుర్తొచ్చారు. తండ్రి వాటాలో బిడ్డకు భాగం 1956 చట్టం నుంచీ ఉంది. 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రం చేసిన సవరణ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చింది, కాని అప్పటికి పెళ్లి కానివాళ్లకే. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర చట్టం పెళ్లయిందా లేదా అన్న భేదం తీసేసింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న సందేహాన్ని కూడా 2020లో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. మా ఊళ్లో ఈ చట్టాలు ఎవరూ చదవలేదు. కొనేవాళ్ల వకీళ్లు చదివారు. రేపు అక్కో చెల్లో కేసు వేస్తే ప్లాట్లు ఆగిపోతాయని, "ఆడబిడ్డల సంతకాలు కావాలె" అన్నారు. ఎన్నేళ్లుగానో పండక్కి కూడా పిలవని అక్కలకు ఫోన్లు పోయాయి. బట్టల దుకాణంలో డజన్ల లెక్కన పట్టుచీరలు తీసుకున్న ఇండ్లు నాకు తెలుసు.

*

గుండ్ల చెలక బేరం కుదిరినప్పుడు మా అత్తమ్మకు ఫోన్ చేసింది చిన్నాయిన. మా నాయినకు అప్పటికే కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. ఆమె పొద్దున్నే వచ్చింది. చాప మీద చీర, రవిక గుడ్డ, పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. పక్కన కాగితాలు. చదువు రాకపోయినా ఆమెకు అన్నీ అర్థమయ్యాయి.

"ఎంతకు అమ్మిండ్రు తమ్మీ?"

చిన్నాయిన గొంతు తగ్గించి, "నీకు తక్కువ చేస్తమా అక్కా? ఆడబిడ్డవు" అన్నాడు.

"తక్కువ చేస్తరని అంటలేను. ఎంతకు అని అడిగిన. గింజలు పంపితే ఎన్నడన్న లెక్క అడిగిన్నా? గిది గింజలు గాదు కదా."

ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. అత్తమ్మ మంచం మీద ఉన్న మా నాయిన దిక్కు చాలాసేపు చూసింది. తర్వాత "ఏలు పట్టు అల్లుడా, యాడ పెట్టాలెనో చూపియ్యి" అంది. నేనే చూపించాను. ఇంకు ఆమె వేలి గీతల్లోకి పోయింది. ఆముదం కోసి కోసి పగిలిన వేళ్లు. తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తే వద్దని కొంగుకే తుడుచుకుంది. చీర పట్టుకుపోయింది, చిన్నాయిన చేతిలో పెట్టిన డబ్బు కూడా పట్టుకుపోయింది. అది ఆమెకు రావాల్సినదానిలో ఏ మూలకూ రాదు. తమ్ముడి ప్రాణం కోసం ఆమె పెట్టిన సంతకం అది. ఆ పైసల్లోనే మా నాయిన ఇంకో రెండేళ్లు బతికాడు.

రాకపోకలు తెగలేదు, తగ్గాయి. ఒడిబియ్యానికి పిలిస్తే వచ్చేది, కూర్చునేది, చెలక దిక్కు మాత్రం పోయేది కాదు.

మా ఊళ్లోనే ఇంకొకామె సంతకం పెట్టనని కోర్టుకు పోయింది. రిజిస్ట్రేషను ఆగింది. అన్నదమ్ములు మాట మానేశారు. తల్లి చనిపోతే కాటికి పోయిన తర్వాత కబురు చేశారు. బతుకమ్మకు ఆమె తల్లిగారి ఊరికి రాక ఎన్నేళ్లో. ఊరంతా ఆమెను ఆశపోతు అంటుంది. నేను ఒప్పుకోను. అన్న తన వాటా తీసుకుంటే హక్కు, చెల్లె తన వాటా అడిగితే ఆశ ఎట్లా అవుతుంది? వాటా కావాలంటే పుట్టిల్లు వదులుకో, పుట్టిల్లు కావాలంటే వాటా వదులుకో అని బిడ్డల్ని నిలబెట్టిన ఇండ్లు మా దగ్గర వీధికి రెండు ఉన్నాయి.

ఆ భూముల పైసలు మళ్లీ ఆడపిల్లల పెండ్లిళ్లకే పోవడం కూడా చూశాను. ఇదివరకు కట్నం అంటే పైసలు, బంగారం. ఇప్పుడు "ఔటర్ దగ్గర ప్లాటు ఉందా" అని అడుగుతున్నారు. అన్న పేరు మీది ఎకరాలు అమ్మి, బావ పేరు మీద రెండు వందల గజాలు రాస్తారు. అమ్మాయి పేరు మీద రాద్దామని ఒకరిద్దరు తండ్రులు పట్టుబట్టారు. వాళ్లకు నేను దండం పెడతాను.

*

గుండ్ల చెలకను పాలుకు చేసింది ఒక పెద్దమనిషి. మేం కాక అని పిలిచేవాళ్లం. ఇరవై ఏళ్లకు పైగా ఆ నేల మీదే ఆయన, ఆయన భార్య. పహాణీలో అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది, దున్నేవాళ్ల పేరు రాయడానికి. ఆయన పేరు అందులో ఏనాడూ రాయించలేదు, ఆయన అడగలేదు. 2020 అక్టోబరులో భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చినప్పుడు అసలు ఆ కాలమే తీసేశారు. చెలక అమ్మినప్పుడు కాకకు వచ్చింది ఒక పూట భోజనం. తర్వాత ఆయన హైదరాబాదులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా పోయాడు. ఆయన భార్య ఊళ్లోనే ఉంది. దగ్గర్లో సాగే లేదు కాబట్టి, తెల్లారకముందే ఆటో ఎక్కి ఇరవై కిలోమీటర్ల అవతల పత్తి ఏరడానికి పోతుంది. భూమి ఉన్నవాళ్లకు భూమి పోయి పైసలన్నా వచ్చాయి. భూమి లేనివాళ్లకు పని పోయింది, దాని బదులు ఏమీ రాలేదు. రియల్ ఎస్టేట్ గురించి ఎంత మాట్లాడినా ఈ సంగతి ఎవరూ ఎత్తరు, అది నాకు చాలా బాధ.

గొల్లవాళ్లదీ అంతే. 2017లో సర్కారు గొర్రెల పంపిణీ పెట్టింది. గొర్రెలొచ్చాయి గాని మేపడానికి బీడు లేదు. బీళ్లన్నీ కడీలు పాతి, ముళ్లతీగ చుట్టి ఉన్నాయి. లోపల మోకాలెత్తు గడ్డి, బయట గొర్రెలు. తీగ కిందినుంచి దూరిన గొర్రెకు, దాని కాపరికి దెబ్బలు పడ్డ రోజులున్నాయి. తంగేడు, గునుగు కూడా ఆ బీళ్లలోవే. బతుకమ్మకు పూలు ఆమనగల్లు అంగట్లో కొనుక్కొస్తున్నారు ఇప్పుడు.

కొన్నవాళ్లను నేను తప్పుపట్టను. మా వెంచర్‌లో ప్లాట్లు తీసుకున్నవాళ్లలో ఆర్టీసీ కండక్టర్లున్నారు, స్కూలు టీచర్లున్నారు. పిల్లల చదువుకో పెండ్లికో అక్కరకొస్తుందని నెల నెలా కిస్తులు కట్టారు. లేఅవుట్‌కు సరైన అనుమతి లేదని తర్వాత తెలిసి, 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణకు, వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి చూశారు. ఏటా ఒకసారి ఆదివారం పూట వచ్చి, తమ రాయి ఎక్కడుందో తుమ్మ చెట్లలో వెతుక్కుంటారు. గుండ్లు పేల్చి కంకరకు తీసుకుపోయారు. ఇన్నేళ్లయినా అక్కడ లేచినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఇండ్లు. అక్కడ సాగూ లేదు, కాపురాలూ లేవు.

అమ్మినవాళ్లందరూ చెడిపోయారని కూడా అనను. మా వీధిలో ఒకాయన వచ్చిన పైసలతో అచ్చంపేట అవతల రెండింతల భూమి కొని, కొడుకులతో కలిసి మంచిగ చేసుకుంటున్నాడు. అక్కడివాళ్లు మాత్రం మావాళ్ల వల్లే రేట్లు పెరిగాయంటారు. కొందరు కార్లు కొన్నారు, చిట్టీలు వేశారు, మునిగిపోయారు. మా చిన్నాయిన కొడుకులు మంచి ఇల్లు కట్టారు.

*

ఒర్రె గడ్డ ఇంకా మిగిలే ఉంది. లోపలికి ఉందని, దారి లేదని అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు రింగు రోడ్డు మాట వచ్చి దానికీ బేరగాళ్లు వస్తున్నారు. మొన్న అత్తమ్మ కూతురు ఫోన్ చేసింది.

"బావా, మీ చిన్నాయిన కొడుకులు సంతకం కావాలె అంటున్నరు. మా అమ్మ ఎకరం మాటేంది?"

ఆ ఎకరానికి కాగితం లేదని చెప్పాను. కాగితం లేకున్నా తాత బిడ్డగా అత్తమ్మకు మొత్తం భూమిలో వాటా ఉందని, ఆమె పోయింది కాబట్టి అది పిల్లలకు వస్తుందని, చీర తీసుకుని ఎక్కడా వేలు పెట్టవద్దని కూడా చెప్పాను. మా నాయిన వారసుడిగా ఆ బేరానికి నా సంతకం కూడా కావాలి. ఎకరం ముందు మరదలి పేరు మీద రిజిస్టరు కావాలి, మిగతా భూమి సంగతి ఆ తర్వాతే, అప్పటిదాకా నేను పెట్టనని తమ్ముళ్లిద్దరికీ చెప్పేశాను. పెద్దవాడు "తాత మాట నాకూ యాదికున్నది అన్నా" అన్నాడు. చిన్నవాడు ఫోన్ ఎత్తడం లేదు. సోమవారం నేనూ మరదలూ కలిసి తహసీల్దారు ఆఫీసుకు పోయి పాత పహాణీల నకళ్లకు దరఖాస్తు పెడుతున్నాం. అక్కణ్నుంచి ఈసీ కోసం, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లెక్క కోసం, కల్వకుర్తి పోవాలి.